ఏ గడ్డ?

“ఏ గడ్డమ్మా?” అని అడిగింది నంద్యాల డాక్టరమ్మ ఫోన్లో. గట్టిగా అడగలేదు, కోపంగా అంతకన్నా అడగలేదు, అంగడి ముందు నిలబడి ఎర్రగడ్డలా తెల్లగడ్డలా అని అడిగినంత మామూలుగా అడిగింది. కారు అప్పుడే ఆళ్లగడ్డ దాటి పెద్ద రోడ్డెక్కింది. ముందు మా మరిది లోకేశ్ స్టీరింగు పట్టుకొని, రోడ్డు తప్ప లోకంలో ఇంకేదీ లేనట్టు కూర్చున్నాడు. వెనక సీట్లో నేను, నా ఒడిలో మా ఆయన కాళ్లు, అవతలి తలుపుకు ఆనించిన దిండు మీద ఆయన తల. ఈ కాళ్లు ఇంత బరువుగా ఎప్పుడూ లేవు. రామలింగయ్య అంటే సన్నగా, పొడుగ్గా, స్టూలు అక్కర్లేకుండా అంగడి పై అరలోంచి డబ్బా దించే మనిషి. ఇప్పుడు కడుపు నెలలు నిండినట్టు లేచింది, పంచె ముడి నిలవక నా పాత చీర చింపి నడుముకు కట్టాను. నంద్యాలకు బయల్దేరామని చెప్పడానికే నేను ఫోన్ చేసింది. కడుపుబ్బిందని, కాళ్లు వాచాయని, రాత్రంతా ఆయాసపడ్డాడని చెప్పాను. గడ్డకని ఇచ్చిన మాత్ర రోజూ వేస్తున్నారా అని ఆమె అడిగింది. ఆపేశామని చెప్పాను, కొంచెం గొప్పగానే చెప్పాను. “గడ్డ పోయింది గదా మేడం, ఆళ్లగడ్డలోనే స్కానింగ్ తీపిచ్చినాం, గడ్డ లేదన్నారు.” అప్పుడు అడిగింది, ఏ గడ్డ అని.

తర్వాత ఆమె చదువురాని పిల్లకు లెక్క నేర్పినట్టు నిదానంగా చెప్పుకొచ్చింది. మీ ఆయనకు ఉన్నది ఒక గడ్డ కాదమ్మా, రెండు. మొదటిది చీముగడ్డ. అది కాలేయంలో పుట్టింది, సూది పెట్టి గొట్టం వేసి చీమంతా లాగేశాం, అది పోయింది, మీ ఊరి స్కానింగులో లేదన్నది దాన్నే. రెండోది నెత్తురు గడ్డ. ఆ చీముగడ్డ పోయి పోయి కాలేయంలోంచి నెత్తురు బయటికి వెళ్లే నరాల పక్కన కూర్చుంది. పక్కన అంత వాపు ఉంటే నరం గోడ కూడా వాస్తుంది, లోపల నెత్తురు నడక మందగించి గడ్డ కడుతుంది. అప్పట్లోనే అది కొద్దిగా మొదలైంది, పెరగకుండా ఆపడానికే ఆ మాత్ర. లోపలికి నెత్తురు వస్తూనే ఉంటుంది, పోయే దారి మూసుకుంటే కాలేయం ఉబ్బుతుంది, కడుపులోకి నీరు దిగుతుంది, ఇప్పుడు జరుగుతున్నది అదే అయివుండాలి. అలాంటి దారులు మూడు. మూడూ పూర్తిగా మూసుకొని ఉంటే నేను మీకు ధైర్యం చెప్పలేను. ఒక్కటి తెరిచి ఉన్నా, దాన్ని ఆసరా చేసుకొని మిగతావి తెరవడానికి ప్రయత్నించవచ్చు. స్కానింగు యంత్రం దగ్గర నేనే ఉంటాను, తొందరగా రండి. అని చెప్పి పెట్టేసింది. లోకేశ్ అద్దంలోంచి నన్ను చూశాడు. తర్వాత చెప్తానని సైగ చేశాను, మా ఆయన కళ్లు మూసుకొని ఉన్నాడు గానీ నిద్రపోతున్నాడో లేదో నాకు తెలియదు.

గడ్డ. పొద్దున లేచింది మొదలు నేను అమ్మేవే గడ్డలు. అంగడి ముందు తట్టల్లో ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు, ఉర్లగడ్డలు, చామగడ్డలు, ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప, చామదుంప అని వేరేవాళ్లు అనేవన్నీ మాకు గడ్డలే. బెల్లం గడ్డ పగలగొట్టి ఇమ్మంటారు, చలికాలం కొబ్బరినూనె గడ్డ కట్టింది, సీసా ఎండలో పెట్టి ఇవ్వు తల్లీ అంటారు. ఇంట్లో పెరుగు గడ్డలా తోడుకుంటే పాలు మంచివని మురిసిపోతాను. ఉండే ఊరే ఆళ్లగడ్డ. ఇన్ని గడ్డల మధ్య బతికేదాన్ని, ఆసుపత్రి వాళ్లు రెండు జబ్బులకు ఒకే మాట వాడితే ఏ గడ్డ సార్ అని ఎదురడగాలని నాకు తోచలేదు. అంగడికొచ్చిన మనిషి గడ్డలివ్వమ్మా అంటే, ఏ గడ్డలు అని అడగకుండా ఏనాడైనా తక్కెట్లో వేశానా? చిన్న పిల్లోడొచ్చి అడిగినా ఎర్రవా తెల్లవా అని అడుగుతాను, వాడు తెల్లమొహం వేస్తే వాళ్లమ్మను అడిగి రమ్మని వెనక్కి తోలుతాను. తెల్లగడ్డకు బదులు ఎర్రగడ్డ పోతే ఏమవుతుంది, ఒక పూట కూర రుచి మారుతుంది. దానికి అంత జాగ్రత్త నాకు.

గడ్డ అంటే మాకు చిన్నప్పటినుంచి తెలిసింది ఒకటే. నాకు తొడ మీద లేచింది, అప్పుడు నేను బడికి పోతున్నాను. మా అవ్వ నాలుగు పూటలా వేడి వేడి ఎర్రగడ్డ ముద్ద కట్టి, ఇంకా పండలేదు, ఇంకా పండలేదు అనేది. ఇల్లంతా ఆ గడ్డ పండడం కోసమే ఎదురుచూసేవాళ్లు, పక్కింటివాళ్లు కూడా గోడ మీదుగా తొంగి చూసి పండిందా అని అడిగేవాళ్లు. ఒకరోజు తెల్లారేసరికి పగిలింది. మా అమ్మ గుడ్డతో తుడుస్తూ నవ్వింది, నేను ఏడుస్తూ నవ్వాను, ఆ పూట నాకు ఇష్టమని సేమ్యా పాయసం చేశారు. చీము పోతే గడ్డ పోయినట్టే. గడ్డ పోతే జబ్బు పోయినట్టే. ఆ తర్వాత మందేంది, మాకేంది? అందుకే నంద్యాలలో ఆయన పక్కటెముకల కింద గొట్టం పెట్టినప్పుడు, ఆ సంచిలోకి చింతపులుసు రంగులో చీము దిగుతుంటే అందరూ ముక్కు మూసుకుంటే నేను మాత్రం కళ్లారా చూశాను. దిగనీ, అంతా దిగనీ అనుకున్నాను. నర్సమ్మ సంచి మార్చడానికి వస్తే, ఇంకా ఎంత ఉంది తల్లీ అని అడిగేదాన్ని, ఆమె నవ్వేది.

ఇంటికి పంపేటప్పుడు ఒక కుర్ర డాక్టరు మాత్రల సంచి నా చేతిలో పెట్టి చెప్పాడు. ఇవి గడ్డకు, ఇవి కడుపులో మంటకు, ఈ చిన్నది గడ్డ కట్టకుండా, ఇది మాత్రం మేం చెప్పేదాకా ఆపకండి. పాపం చెప్పాడు, చెప్పలేదని నేను అనను. అప్పుడు ఇంకో మంచం దగ్గర ఎవరో కేక పెడితే అటు పరుగెత్తాడు. నాకు చెవికెక్కింది గడ్డ, గడ్డ, అంతే. ఇంటికొచ్చాక ఆ మాత్రలన్నిటికీ కలిపి ఒకటే పేరు, గడ్డ మాత్రలు. గడ్డ మాత్ర వేసుకున్నావా, గడ్డ మాత్ర మింగి అన్నం తిను. కొన్నాళ్లకు ఊళ్లోనే స్కానింగు తీయిస్తే అక్కడివాళ్లు గడ్డ జాడ కూడా లేదని, మానిన మచ్చ మాత్రం ఉందని చెప్పారు. ఆ మాటా అబద్ధం కాదు. మా ఆడపడుచు ఉమామహేశ్వరమ్మ నంద్యాల నుంచి భక్ష్యాలు చేసుకొని బస్సెక్కి వచ్చింది. ఆమె మాకందరికీ పెద్ద, ఆమె మాటంటే ఇంట్లో ఎదురుండదు. “గడ్డే లేనప్పుడు గడ్డ మాత్రలు ఎందుకే? ఉత్తపుణ్యానికి వేడి చేస్తాది” అంది. ఆయనకూ నిజమే అనిపించింది, లోకేశ్‌కూ అనిపించింది, నాకూ అనిపించింది. మిగిలినవి దేవుని గూట్లో పెట్టి దండం పెట్టాను. అంతమందిమి కూర్చున్నాం, నెయ్యి పోసుకొని భక్ష్యాలు తిన్నాం, ఒక్కరికీ అనుమానం రాలేదు.

కుడివైపు నల్లమల కొండలు మంచు వదలక ఇంకా నీలంగానే ఉన్నాయి. రోడ్డు పక్కన మొక్కజొన్నలు ఆరబోశారు, లారీలు వాటిని తప్పుకుంటూ మధ్యకు వస్తున్నాయి, లోకేశ్ హారను కొడితే ఆయన కనుబొమలు ముడిపడుతున్నాయి. కొట్టొద్దని చెప్పాను. కొట్టకపోతే ఎట్లా వదినా అన్నాడు, అదీ నిజమే. చీలమండ దగ్గర వేలితో నొక్కి చూశాను, గుంట పడింది, అట్లాగే ఉండిపోయింది. గోధుమపిండి ముద్దలో వేలు పెడితే పడినట్టు. లోపలంతా నీళ్లే. ఈ మనిషికి నీళ్లు ఎక్కువ ఇవ్వొద్దంటారు, నాలుక పిడచ కట్టుకుపోతున్నా తడిగుడ్డతో పెదాలు తుడవమంటారు, లోపల మాత్రం మనిషి నీళ్లలో మునిగిపోతున్నాడు. వచ్చేది వస్తూనే ఉంటుంది, పోయే దారి లేదు. పండగ ముందురోజు మా అంగడి కూడా అట్లాగే ఉంటుంది, సరుకు లారీ దిగుతూనే ఉంటుంది, లోపల అడుగు పెట్టే చోటుండదు, ఆయన మాత్రం ఆ మూటల మధ్య తిరుగుతూ ఎవరి మీదా విసుక్కోడు. ఎవరి మీదా విసుక్కోని మనిషి. అదే నాకు కోపం. విసుక్కొని ఉంటే, అరిచి ఉంటే, నన్ను అట్లా ఎందుకు చూస్తావని ఒక్కసారి నిలదీసి ఉంటే నాకు అప్పుడే తెలివొచ్చేదేమో.

“యాడికొచ్చినాం?” అన్నాడు కళ్లు తెరవకుండానే. శిరివెళ్ల మెట్ట అని చెప్పాను. అంగడి తీశారా అని అడిగాడు. దీపం పెట్టి వచ్చామని, పనివాళ్లు ఉన్నారని లోకేశ్ చెప్పాడు. తల ఊపి మళ్లీ పడుకున్నాడు. అంగడి గురించి అడిగాడంటే మనిషికి బాగానే ఉందని అనుకున్నాను, వెంటనే అట్లా అనుకున్నందుకు భయమేసింది.

కాలేయం చెడిందంటే తాగుబోతు అని మా వీధిలో లెక్క. కామెర్లు వచ్చినా, కడుపుబ్బినా, లివరంట అనగానే జనం కళ్లు ఒకరి నుంచి ఒకరికి పోతాయి. మొదటిసారి ఆయనకు జ్వరం తగ్గక నంద్యాల తీసుకొచ్చినప్పుడు, స్కానింగులో గడ్డ కనపడగానే ఒక డాక్టరు అడిగాడు, మందు తాగుతావా అని. ఆయన నవ్వాడు. కోమటోళ్ల పూజగదిలో పుట్టినవాణ్ని సార్ అన్నాడు, అక్కడున్నవాళ్లు కూడా నవ్వారు. సాయంత్రం ఇంకొకాయన వచ్చి అదే అడిగాడు. ఈసారి నవ్వకుండా, లేదు సార్ అన్నాడు. మరుసటిరోజు సూది పెట్టే ముందు మళ్లీ అడిగారు, ఆయన తల అడ్డంగా ఊపాడు, అంతే. అడిగిన ప్రతివాళ్లూ ఆయన జవాబు విని నా వైపు చూసేవాళ్లు. భార్యకు తెలుస్తుంది గదా. నేనేం చేసేదాన్ని? చీర కొంగు సర్దుకునేదాన్ని. కిందికి చూసేదాన్ని. సిగ్గుతో చూశాననుకున్నాను, ఇంతమందిలో ఇదేం ప్రశ్న అని. వాళ్లకు ఇంకోలా కనపడి ఉంటుంది. ఆయనకు ఎట్లా కనపడిందో ఈ కారెక్కేదాకా నేను ఆలోచించలేదు. ఇది నీళ్లలోంచో తిండిలోంచో లోపలికి పోయే పురుగు వల్ల వచ్చిన గడ్డ అని తర్వాత ఈ వినీత డాక్టరే చెప్పింది. అయితే తాగితేనే వచ్చింది, కాకపోతే నీళ్లు, అని ఆయన అంటే ఆమె కూడా నవ్వింది. అప్పటికి ఇంకా నవ్వేవాడు.

అంతా బాగుందనుకున్నాక మళ్లీ కడుపు లేచింది. గడ్డ పోయింది, చీము పోయింది, మచ్చ తప్ప ఏమీ లేదన్నారు. మరి ఎందుకు లేస్తుంది? గ్యాసు అన్నాం మొదట. జీలకర్ర నీళ్లు తాగించాం, వాము నమిలించాం. పంచె ముడి రోజురోజుకూ కిందికి జారుతుంటే నా తలలోకి ఇంకో సమాధానం దూరింది. శనగల కోసం ఆయన గోస్పాడు పోయి వస్తుంటాడు, అక్కడ దేవరాజు అనే రైతు ఆయనకు చిన్ననాటి దోస్తు. దేవరాజు తాగుతాడని చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు, అతనే దాచుకోడు. ఆసుపత్రి నుంచి వచ్చాక కూడా మా ఆయన ఒకసారి అక్కడికి పోయాడు, చీకటి పడ్డాక వచ్చాడు, అన్నం వద్దన్నాడు. అదొక్కటి చాలు నాకు. ఆ రోజు నుంచి నేను మాట తగ్గించాను. అన్నం పెట్టేదాన్ని, చారు పోసేదాన్ని, చెయ్యి కడుక్కోవడానికి చెంబు అందించేదాన్ని, ఎవరూ నన్ను వేలెత్తి చూపలేరు. ఒక మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆయన చాప మీద కునుకు తీస్తుంటే వంగి ఆయన నోటి దగ్గర వాసన చూశాను. యాలక్కాయ వాసన వచ్చింది. అంగడిలో కూర్చొని యాలక్కాయ నమలడం ఆయనకు పెళ్లికి ముందునుంచీ ఉన్న అలవాటు, ఆ అలవాటు చూసే మా నాన్న పిల్లవాడు శుభ్రమైనవాడు అన్నాడు. నాకేమో వాసన కప్పడానికే నమిలాడనిపించింది. కల్లు వాసన వచ్చి ఉంటే తాగాడనుకునేదాన్ని, యాలక్కాయ వాసన వస్తే దాచాడనుకున్నాను. ఆయన తప్పించుకునే దారి ఒక్కటీ నేను వదల్లేదు. అప్పుడు ఆయన కనురెప్పలు కదిలాయి. నిద్రలోనే కదిలాయని నాకు నేనే చెప్పుకున్నాను.

అది నెత్తురు గడ్డ. గోస్పాడు కాదు, దేవరాజు కాదు. మొదటి గడ్డ పోతూ పోతూ తన పక్కన ఇంకో గడ్డను పెట్టి పోయింది, దాన్ని ఆపే మాత్ర మేం దేవుని గూట్లో పెట్టి దండం పెట్టాం. ఆయన అన్నం వద్దన్నది తాగి వచ్చి కాదు, లోపల కాలేయం ఉబ్బి జీర్ణాశయాన్ని నొక్కితే. ఇంత సూటిగా ఉన్నది నాకెందుకు కనపడలేదు? చీముకూ నెత్తురుకూ చెరొక పేరు పెట్టని మా మాట మీద కోపమొస్తోంది. కేక వినపడగానే పరుగెత్తిన ఆ కుర్రవాడి మీద కోపమొస్తోంది, అంతలోనే అక్కడ కేక పెట్టింది ఎవరి భర్తో అని జాలి వేస్తోంది. వదిన మీద, ఆమె భక్ష్యాల మీద, లోకేశ్ వీపు మీద, అన్నిటి మీదా కోపమొస్తోంది. ఎంతసేపు తిప్పినా అది నా దగ్గరికే వచ్చి ఆగుతోంది. మూడు దారులు. కుడిది, నడిమిది, ఎడమది అని చెప్పింది డాక్టరమ్మ. దేవుడా, మూడూ అడగను. అడిగే మొహం లేదు. ఒక్కటి తెరిచి పెట్టు. ఒక్కటి చాలంట. ఆయన పాదాలు రెండు చేతులతో పట్టుకొని పైకి, గుండె వైపు తోమడం మొదలుపెట్టాను, లోపల ఆగినదాన్ని నా చేతులతో నడిపించగలిగినట్టు. ఇట్లా చేయొచ్చో లేదో తెలియదు. లోకేశ్ అద్దంలోంచి చూసి, “నొప్పి పుట్టిస్తావేమో వదినా” అన్నాడు. ఆపేశాను. ఆయన ఆ కాలిని మళ్లీ నా చేతి వైపు కొంచెం జరిపాడు. నిద్రలో కాదు.

అయ్యలూరు మెట్ట దాటాక ఆటోలు మొదలయ్యాయి, ట్రాక్టర్లు, బడి బస్సులు, రోడ్డుకడ్డంగా నిదానంగా పోయే బర్రెలు. నంద్యాల ఎప్పుడూ ఇంతే, రావడానికి పట్టినంతసేపు లోపలికి పోవడానికి పడుతుంది. లోకేశ్ కిటికీ దించి రద్దీ తప్పే అడ్డదారి ఎవరినో అడిగితే, అడగనివాళ్లు కూడా తలా ఒక దారి చెప్పారు. ఆసుపత్రి ముందు వదిన ఉమామహేశ్వరమ్మ నిలబడి ఉంది, చేతిలో ఫ్లాస్కు. తమ్ముణ్ని చూడగానే ఆమె మొహం నల్లబడింది. ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి, స్ట్రెచరు పక్కన నడుస్తూ ఆయన పొట్ట మీద చెయ్యి పెట్టి, తీసేసి, నా వైపు తిరిగి, “మా పుట్టింట్లో ఒక్కడూ మందు ముట్టినోడు లేడు, ఇందుమతీ” అంది మెల్లగా. అంటే ఆమె తలలోనూ అదే ఉంది. లోకేశ్ తలలోనూ అదే ఉండి ఉంటుంది. ఒకే ఇంట్లో ఒకే మాట అందరం మింగుకొని, ఆయనకొక్కడికీ తెలియదనుకుంటూ తిరిగాం. ఈమెకు రెండు గడ్డల సంగతి చెప్పాలి, ఇప్పుడు కాదు. నాకే ఇంకా పూర్తిగా అందలేదు.

స్కానింగు గదిలోకి నన్ను ఒక్కదాన్నే రానిచ్చారు. చల్లగా, చీకటిగా ఉంది. వినీత డాక్టరు ఫోన్లో గొంతుకంటే చిన్న మనిషని మళ్లీ అనిపించింది, జుట్టు వెనక్కి గట్టిగా ముడి వేసుకుంది, నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన చొక్కా పైకి జరిపి, పాత గొట్టం మచ్చ చూసి, పొట్ట మీద జిగురు పూస్తూ, పక్కన కంప్యూటరు ముందున్న అమ్మాయి రాసుకోవడానికి మామూలుగా అడిగేవి అడిగింది. జ్వరం ఉందా, మూత్రం వస్తోందా, వాంతిలో నెత్తురు పడిందా. అన్నిటికీ ఆయనే జవాబు చెప్పాడు. తర్వాత, “మందు అలవాటు ఉందా?” అంది. ఆ ప్రశ్నలో నింద ఏమీ లేదు, అడగాలి కాబట్టి అడిగింది. ఆయన జవాబు చెప్పలేదు. తల కూడా ఊపలేదు. ఇన్నిసార్లు లేదన్న మనిషి ఇప్పుడు కళ్లు మూసుకొని మొహం గోడ వైపు తిప్పుకున్నాడు, ఏమి రాసుకుంటారో రాసుకోండి అన్నట్టు. అలవాటుగా ఆ ఇద్దరూ నా వైపు చూశారు. నా చెయ్యి కొంగు మీదికి పోయింది. తెలుసా నాకు? ఆయన వెంట గోస్పాడు పోయి చూశానా? లేదు. రుజువు ఏమైనా ఉందా? లేదు. “తాగడు మేడం” అన్నాను. “ఎన్నడూ తాగలేదు.” రాసుకునే అమ్మాయి టకటకా కొట్టి తర్వాతి గడికి పోయింది. ఆమెకు అదెంత, ఒక మీట నొక్కడం. ఆయన మొహం గోడ వైపే ఉంది గానీ, తల కొంచెం నా వైపు జరిగింది.

తెర మీద బూడిద రంగు పొగ తప్ప నాకేమీ తెలియలేదు. డాక్టరమ్మ వేలితో చూపించింది, ఇదిగో చీముగడ్డ ఉన్న చోటు, ఈ మచ్చ, చూశారా దీని పక్కనే ఈ గీత, ఇది కుడి నరం. ఒక మీట నొక్కితే నెత్తురు నడిచే చోట రంగు రావాలంది. రంగు రాలేదు. ఆమె చెయ్యి కొంచెం జరిపి, కొంచెం అదిమి, మళ్లీ చూసింది. రాలేదు. నడిమి నరం దగ్గరికి పోయింది. అక్కడా నలుపే. ఆయనను ఊపిరి బిగబట్టమంది, వదలమంది, మళ్లీ బిగబట్టమంది, ఆయన చెప్పినట్టల్లా చేస్తుంటే నేనూ వెంట వెంట ఊపిరి బిగబట్టాను. ఎడమ వైపుకు, దాదాపు రొమ్ము నడిమి దాకా జరిపింది. నేను తెర చూడలేక నేల చూశాను. అప్పుడు యంత్రంలోంచి చప్పుడు వచ్చింది. మూట మూతి విప్పితే బియ్యం చేటలోకి జారుతున్నట్టు, ఆగి, జారి, ఆగి, జారి. తలెత్తితే తెర మీద వేలెడు పొడవు నీలం గీత ఒకటి మినుకుమంటోంది. “ఇది పారుతోంది” అంది డాక్టరమ్మ. “సన్నగా ఉంది, కానీ పారుతోంది.” ఇప్పుడే ఇంజెక్షను మొదలుపెడతానని, మధ్యాహ్నంలోపు పెద్ద ఊరికి పంపుతానని, మెడ నరంలోంచి తీగ పోనిచ్చి మూసుకున్నవాటిని తెరిచే డాక్టర్లతో ఇప్పటికే మాట్లాడానని, అయినా ఇది గండమేనమ్మా, దాచి చెప్పను అని, అన్నీ ఒకదాని వెంట ఒకటి చెప్పింది. చివర్లో, మేం కూడా ఇకమీద రెండింటికీ గడ్డ అనే మాట వాడకూడదు, అంది తనలో తను అనుకుంటున్నట్టు. నేను తల ఊపుతున్నాను. ఆ చప్పుడు ఆగిపోతే ఎట్లా అని వింటున్నాను. ఆమె పొట్ట మీదినుంచి చెయ్యి తీసేసరికి చప్పుడు ఆగింది, ఆగింది యంత్రం మాత్రమేనని తెలిసినా ఆయన ఛాతీ లేస్తోందా అని చూశాను.

స్ట్రెచరును వరండాలోకి తోశారు. చేతికి సూది పెట్టారు, సీసా ఒకటి తల మీద వేలాడుతోంది. బెంచీల మీద జనం కిక్కిరిసి ఉన్నారు, ఎవరి రిపోర్టులు వాళ్లు ఒళ్లో పెట్టుకొని. వదిన ఫ్లాస్కు పట్టుకొని లేచింది, లోకేశ్ గోడకు ఆనుకున్నవాడు ముందుకు వచ్చాడు. ఒక నరం నడుస్తాంది అని చెప్పాను, మిగతాది తర్వాత చెప్తాను అన్నాను. బండిని ముందుకు తోయబోతుంటే ఆయన సూది లేని చేత్తో నా చీర కుచ్చిళ్లు పట్టుకున్నాడు. వంగాను. పెదాలు ఎండిపోయి ఉన్నాయి, మాట గాలిలా వచ్చింది.

“లోపల మేడంతో ఏందో చెప్పినావే. ఇంగోసారి చెప్పు.”

“ఏం చెప్పినా?” అన్నాను, తెలిసి కూడా.

ఆయన చెయ్యి వదల్లేదు. వదిన చూస్తోంది, లోకేశ్ చూస్తున్నాడు, తోసేవాడు త్వరగా కానివ్వమ్మా అన్నట్టు నిలబడ్డాడు. “ఈయన తాగడు” అన్నాను. పక్కనున్న వదినకైనా వినపడిందో లేదో. ఆయన కళ్లు మూసుకొని వింటున్నాడు. నడుం నిటారు చేసుకొని, గొంతు సవరించుకొని, వరండా చివరన కూర్చున్నవాళ్లు కూడా తలెత్తి చూసేటట్టు మళ్లీ చెప్పాను.